కాలువ గట్టే ప్రయోగశాల!

నీళ్ల మధ్య పుట్టి పెరిగే కోనసీమ పిల్లలకు నీటిని చదువుకునే అవకాశం గుమ్మం ముందే ఉంది. సీసా, తాడు, నోటుపుస్తకంతో మొదలయ్యే ఆ చదువు హైదరాబాద్, బెంగళూరు పరిశోధనశాలల దాకా తీసుకెళ్లగలదు. పట్టణాల దాహం తీర్చే శాస్త్రంలో విద్యార్థులు చేయగలిగిందేమిటి, అందుకు ఏ తలుపు తట్టాలి?

పలివెల అనగానే కొప్పున్న శివుడు గుర్తొస్తాడు. కొత్తపేట మండలంలోని ఈ ఊరికి ఉమాకొప్పులింగేశ్వరస్వామిని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. చుట్టూ కొబ్బరితోటలు, వరిచేలు, వాటి మధ్య కాలువలు. పెరట్లో నుయ్యో బోరింగో. 'కోనసీమలో నీళ్లకు కరవేమిటి!' అనుకుంటూ వెళ్తారు వచ్చినవాళ్లు.

ఆ నీళ్ల గురించే నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. ఉగాదికీ దీపావళికీ మధ్య మీ నూతిలో నీటిమట్టం ఎంత మారుతుంది? కాలువ కట్టేసిన నెలలో ఆ నీళ్లు ఉప్పెక్కుతాయా? ట్యాంకులో కలిపిన క్లోరిన్ చివరి వీధి కుళాయి దాకా చేరుతోందా? తొలకరి వానలు పడిన వారంలో నీళ్లలో ఏమేం కలుస్తాయి? పెద్దవాళ్లు ఉజ్జాయింపుగా చెబుతారు. వాళ్ల అనుభవం గొప్పదే. అంకెల్లో చూపించమంటే మాత్రం చాలా ఊళ్లలో కాగితం దొరకదు. ప్రభుత్వ భూగర్భజల శాఖ ఎంపిక చేసిన చోట్ల కొలతలు తీస్తుంది కానీ ప్రతి వీధి నూతినీ కొలవడం దానికి సాధ్యమయ్యే పని కాదు.

సరిగ్గా అక్కడే ఉంది విద్యార్థులకు పని!

కాలువ నుంచి కుళాయికి...

పట్టణాలకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎలా శుద్ధి అవుతాయి, గొట్టాల్లో వాటికేమవుతుంది, వాడాక మురుగై ఎక్కడికి పోతాయి... ఇవన్నీ చదివేదే పట్టణ జల విజ్ఞానం. సివిల్ ఇంజినీరింగ్, రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, భూగర్భశాస్త్రం ఇందులో కలిసి నడుస్తాయి.

పట్టణాల నీటి చదువుతో పల్లెటూరి పిల్లలకేం పని అనిపించొచ్చు. డెల్టాలో పల్లెనూ పట్టణాన్నీ కలిపేది కాలువే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు పాయల మధ్య నేలంతా పరుచుకున్నాయి. గన్నవరం దగ్గర వైనతేయ పాయను దాటించడానికి 1850ల్లోనే 49 ఆర్చీల అక్విడక్టు కట్టారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి దాదాపు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఏర్పడింది. అప్పట్లో అదంతా పంట కోసం. ఊళ్లు పెరిగి పట్టణాలయ్యాక ఆ కాలువ నీరే చాలాచోట్ల తాగునీరైంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే చెరువుల్లో ముందే నింపి పెట్టుకున్న నీళ్లతో నెట్టుకు రావాలి.

కాలువ, నిల్వ చెరువు, ఇసుక వడపోత, ఓవర్‌హెడ్ ట్యాంకు, వీధి కుళాయి, ఇంటి వెనక మురుగు, చివరికి సముద్రానికి పోయే డ్రైను... మహానగరంలో ఈ గొలుసంతా చూడాలంటే ఎన్ని అనుమతులు, ఎంత తిరుగుడు! కోనసీమలో సైకిలుంటే నాలుగు సెలవురోజుల్లో చాలా భాగం చూసేయొచ్చు. పలివెలలో ఉన్న విద్యార్థికి కాలువ పైభాగం నీళ్లూ దగ్గరే, కాస్త దిగువకు వెళ్తే అమలాపురం పట్టణమూ దగ్గరే.

ఒకటికి నలభై

ఈ నేల కింద ఇంకో విచిత్రం ఉంది. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. అందుకే తీరప్రాంతాల్లో భూమి లోపల మంచినీరు పాల మీద మీగడలా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో డచ్చి ఇంజినీరు గైబెన్, ఆ తర్వాత జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ దీనికో లెక్క కట్టారు. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, కింద దాదాపు 40 అడుగుల లోతు దాకా మంచినీరే ఉంటుంది. లాభమే కదా అనుకుంటున్నారా? తిరగేసి చూడండి. విపరీతంగా తోడేసి పైన ఒక అడుగు తగ్గిస్తే, కింద ఉప్పునీరు 40 అడుగులు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే!

నిజమైన నేలలో లెక్క ఇంత తేలిగ్గా ఉండదు. మధ్యలో బంకమట్టి పొరలు అడ్డొస్తాయి. కాలువల్లోంచి, వరిచేలల్లోంచి ఇంకిన నీరు మంచినీటి పొరను నింపుతూ ఉంటుంది. మధ్య డెల్టా ఉప్పు ఎక్కడిదన్న ప్రశ్న మీద హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఒకప్పుడు సముద్రం కింద ఏర్పడిన బంకమట్టి పొరల్లో చిక్కుకుపోయిన పాత ఉప్పు కూడా ఒక కారణమని అందులో చర్చించారు. అంటే నూతిలో ఉప్పు కనిపించగానే 'సముద్రం వచ్చేసింది' అనడానికి లేదు. ఏ నూతిలో, ఎంత లోతున, ఏ నెలలో... ఈ మూడూ తెలిస్తేనే కారణం దొరుకుతుంది.

నిన్నటి నీళ్లు ఎలా ఉన్నాయి?

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లోనే బాధితుల సంఖ్య 500 దాటింది. మొదటి అనుమానం తాగునీటి మీదే. ఎయిమ్స్, నీరి, జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ... పెద్ద సంస్థలన్నీ కదిలాయి. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. అవి శరీరంలోకి ఎలా చేరాయన్నది తేలాలంటే ఇంకా అధ్యయనం కావాలన్నారు.

ఇలాంటప్పుడు ఏ శాస్త్రవేత్తకైనా మొదట కావాల్సింది ఒకటే... అంతకు ముందు నీళ్లెలా ఉండేవి? ఆపద వచ్చిన రోజు నమూనా ఎవరైనా తీస్తారు. మామూలు రోజుల లెక్క ఉంటేనే తేడా తెలుస్తుంది. ఆ లెక్క రాయడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రారు. అక్కడే ఉండేవాళ్లు రాయాలి. విద్యార్థి పరిశోధనకున్న అసలు విలువ అదే.

నీళ్లు మారితే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లింట్ పట్టణం చూసింది. 2014 ఏప్రిల్‌లో డబ్బు ఆదా చేద్దామని అక్కడి అధికారులు నీటి వనరును మార్చి ఫ్లింట్ నది నీళ్లు ఇచ్చారు. గొట్టాలు తినేయకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత సీసపు గొట్టాల నుంచి సీసం నీళ్లలోకి దిగింది. జనం మొత్తుకున్నా అంతా బాగుందన్నారు. 2015 ఆగస్టులో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్, ఆయన విద్యార్థులు రంగంలోకి దిగారు. దాదాపు 300 నమూనా కిట్లు పంచారు. ఊళ్లోవాళ్లే కుళాయి నీళ్లు పట్టి తిరిగి ఇచ్చారు. విద్యార్థులు పరీక్షించి ఫలితాలు బయటపెట్టారు. అక్టోబరు కల్లా పట్టణం తిరిగి పాత వనరుకు మారాల్సి వచ్చింది. సీసాలు మోసింది, లేబుళ్లు అతికించింది, రాత్రుళ్లు లెక్కలు కట్టింది చదువుకుంటున్న పిల్లలే!

కొలిచేదెలా?

ఖరీదైన యంత్రాలు లేకుండా చేయదగ్గ పనులు చాలా ఉన్నాయి.

నూతి డైరీ: తాడుకి అడుగుకో ముడి వేసి, చివర బరువు కట్టి, నూతి ఒర అంచు నుంచి నీటిమట్టం దాకా కొలవాలి. వారానికో రోజు, ఒకే వేళకు, తోడటం మొదలుపెట్టక ముందే. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరుతో నీళ్లలో కరిగిన లవణాలు చూడాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఇవి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 2000 దాకా అనుమతిస్తారు. కాలువ పారుతోందా లేదా, వాన పడిందా... ఇవీ పక్కనే రాయాలి. పది నూతుల్లో ఏడాదిపాటు ఇలా రాస్తే 500 పైచిలుకు కొలతలు. అలాంటి పట్టిక చూసి పెద్ద శాస్త్రవేత్త కూడా కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

క్లోరిన్ ప్రయాణం: ట్యాంకు దగ్గర, మధ్య వీధిలో, ఆఖరి కుళాయి దగ్గర ఒకే పూట నీళ్లు పట్టి అక్కడికక్కడే మిగులు క్లోరిన్ చూడాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలన్నది ప్రమాణం. దారిలో ఎక్కడైనా ఒక్కసారిగా పడిపోతే గొట్టం పగిలిందనో, మురుగు కలుస్తోందనో అనుమానించాలి. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలి పలువురు చనిపోయినప్పుడు వేలెత్తి చూపించింది కుళాయి గొట్టాల్లో కలిసిన మురుగువైపే. ఆ మూడు సీసాల పరీక్ష ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

నల్లబడే సీసా: ప్రత్యేకమైన కాగితం ముక్క ఉన్న చిన్న సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచుతారు. మలంతో వచ్చే సూక్ష్మజీవులుంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి నీళ్లు నల్లబడతాయి. 1982లో మన దేశ శాస్త్రవేత్తలే ఈ పద్ధతిని ప్రపంచానికి అందించారు. జల్ జీవన్ మిషన్ వచ్చాక క్షేత్రస్థాయి పరీక్షల కిట్లు పల్లెలకూ చేరాయి. ఒక్కో ఊళ్లో ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలన్నది ఆ పథకం నియమం. మీ ఊళ్లో శిక్షణ పొందినవాళ్లుంటే వాళ్లే తొలి గురువులు.

ఒక్క విషయం మరవొద్దు. టీడీఎస్ తక్కువ ఉన్నంత మాత్రాన నీళ్లు మంచివని కాదు. ఆ మీటరు ఉప్పును చూస్తుంది, క్రిములను చూడదు. అలాగే ఏడాదంతా కొలిచినా ఏ తేడా కనిపించలేదనుకోండి... అదీ ఫలితమే. బాధపడి అంకెలు దిద్దితే మాత్రం ఆ డైరీ మొత్తం వృథా.

బెండుతో మొదలై బహుమతి దాకా

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దమన్‌జోడీలో తొమ్మిదో తరగతి చదువుతున్న లలితా ప్రసీద శ్రీపాద శ్రీసాయి రైతులు పారేసే మొక్కజొన్న బెండ్లను చూసింది. వాటికి మురికిని పీల్చే గుణం ఉందని గమనించి ముక్కలుగా, పొడిగా, బొగ్గుగా చేసి పొరలు పేర్చి వాడిన నీళ్లను వడగట్టింది. 2015 గూగుల్ సైన్స్ ఫెయిర్‌లో ఆమెకు కమ్యూనిటీ ఇంపాక్ట్ అవార్డు, 10 వేల డాలర్లు దక్కాయి. బెండ్లకు బదులు కొబ్బరి చిప్పలతో, పీచుతో ఏమవుతుందో చూడటానికి కోనసీమను మించిన చోటు ఉందా?

ఫ్లింట్ కథ విని కదిలిపోయిన భారత సంతతి అమ్మాయి గీతాంజలి రావు, నీళ్లలో సీసాన్ని పట్టే చిన్న పరికరానికి రూపమిచ్చింది. 2017లో అమెరికాలో యంగ్ సైంటిస్ట్ ఛాలెంజ్ గెలిచింది. 2020లో టైమ్ పత్రిక తొలి 'కిడ్ ఆఫ్ ది ఇయర్' ఆమే.

మంచినీళ్లే కాదు, మురుగూ మాట్లాడుతుంది. 2020లో కరోనా విజృంభిస్తున్నప్పుడు సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధకులు హైదరాబాద్ మురుగుశుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీశారు. అందులోని వైరస్ జన్యుపదార్థాన్ని కొలిచి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. ఇంటింటికీ తిరగకుండా ఊరి ఆరోగ్యం చెప్పిందన్నమాట మురుగు!

ఏ తలుపు తట్టాలి?

బడి పిల్లలకు: 1993 నుంచి సాగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్లవారికి. తమ ఊరి సమస్యను ఎంచుకుని, అక్కడే కొలిచి, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో చెప్పాలి. తెలుగులోనే చెప్పొచ్చు, ఇంగ్లిషు రాదన్న బెంగ అక్కర్లేదు. 2004, 2005ల్లో అక్కడ ప్రధానాంశం నీటి వనరులే. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇన్‌స్పైర్ మానక్ పథకంలో బడి తరఫున మంచి ఆలోచన పంపితే, ఎంపికైనవారికి నమూనా తయారీకి 10 వేల రూపాయలు ఇస్తారు. 15 నుంచి 20 ఏళ్లవారికి స్టాక్‌హోమ్ జూనియర్ వాటర్ ప్రైజ్ ఉంది. 1997 నుంచి దేశదేశాల విద్యార్థులు పోటీపడుతున్న వేదిక అది.

డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు: దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తూ వచ్చాయి. ఎంపికైతే రెండు నెలలు ఓ శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు, భృతి కూడా ఉంటుంది. దరఖాస్తులు ముందటి ఏడాది చివర్లోనే మొదలవుతాయి కాబట్టి దసరా సెలవుల నుంచే కనిపెట్టుకుని ఉండాలి. ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్ వంటివీ వేసవిలో బయటి విద్యార్థులను తీసుకుంటాయి. బెంగళూరు ఐఐఎస్‌సీలో నీటి పరిశోధనకు ప్రత్యేక కేంద్రమే ఉంది.

పక్కనే కాకినాడలో ఉన్న అవకాశం చాలామందికి తెలియదు. రూర్కీలోని జాతీయ జలవిజ్ఞాన సంస్థకు చెందిన డెల్టా ప్రాంతీయ కేంద్రం అది. 1991లో ఏర్పాటైంది. పేరులోనే ఉంది, డెల్టాల నీటి సమస్యలే దాని పని. ప్రాజెక్టు కోసం ఎక్కడికెళ్లాలా అని వెతికే కోనసీమ విద్యార్థి మొదట రాయాల్సిన ఉత్తరం అక్కడికే. బండరాతి నేలల నీటి మీద ఆసక్తి ఉంటే ఎన్‌జీఆర్ఐకి చౌటుప్పల్ దగ్గర ప్రయోగ క్షేత్రం ఉంది. పీజీ వైపు వెళ్లాలనుకునేవారికి గేట్‌లో 2021 నుంచి పర్యావరణ శాస్త్ర, ఇంజినీరింగ్ పేపరు విడిగా వచ్చింది.

విదేశాల్లో ఉన్నవారికి: అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో డిగ్రీ విద్యార్థులకు ఆర్ఈయూ పేరిట వేసవి పరిశోధనలు నడుస్తుంటాయి. సాధారణంగా 8 నుంచి 10 వారాలు, భృతితో సహా. ఎన్ని చోట్ల ఉంటాయన్నది ఆ ఏటి నిధులను బట్టి ఉంటుంది. ఇవి అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. అంటే అక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు అక్కరకొస్తాయి. ఇక్కడి నుంచి వెళ్లే విద్యార్థులు మాత్రం విశ్వవిద్యాలయాల సొంత కార్యక్రమాలను వెతుక్కోవాలి.

ఏ తలుపు తట్టినా అడిగేది దాదాపు ఒకటే... 'ఇప్పటిదాకా ఏం చేశావు?' అని. 'నాకు నీటి పరిశోధన అంటే ఆసక్తి' అని రాసిన ఉత్తరాలు ప్రొఫెసర్లకు రోజూ వస్తాయి. 'మా వీధిలో పది నూతులను ఏడాది కొలిచాను, కాలువ కట్టేసిన నెలల్లో ఈ మూడింటిలో మాత్రమే లవణాలు పెరిగాయి, ఎందుకో తెలుసుకోవాలనుంది' అని రాసిన ఉత్తరం అరుదుగా వస్తుంది. దానికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇవి పాటించండి

* కాలువలోకి, చెరువులోకి ఒంటరిగా దిగొద్దు. గట్టు మీద నుంచే తాడుకట్టిన డబ్బాతో నీళ్లు తీయాలి. పక్కన పెద్దవాళ్లు ఉండాలి.
* లవణాల పరీక్షకైతే సీసాను అదే నీటితో మూడుసార్లు తొలవాలి. సూక్ష్మజీవుల పరీక్షకైతే శుద్ధిచేసిన సీసానే వాడాలి, తొలవకూడదు.
* ప్రతి సీసా మీద చోటు, తేదీ, వేళ రాయాలి. గుర్తుంటుందిలే అనుకోవద్దు.
* పదింటిలో ఒక నమూనానైనా గుర్తింపు పొందిన ప్రయోగశాలలో చేయించి మీ కొలతతో పోల్చాలి.
* నూతి యజమాని అనుమతి తప్పనిసరి. ఫలితం ముందు వాళ్లకే చెప్పాలి. ఇంటిపేర్లు బయటపెట్టొద్దు.
* ఒక్క పరీక్షతోనే 'విషం' అని ఊరంతా చాటొద్దు. మళ్లీ పరీక్షించి, పంచాయతీకో మున్సిపాలిటీకో రాతపూర్వకంగా తెలపాలి.

నీటి పరిశోధనలో తొందర పనికిరాదు. ఈ సంక్రాంతికి తీసిన కొలత వచ్చే సంక్రాంతికి గానీ నోరు విప్పదు. ఐదేళ్ల డైరీ ఒక్క ఏడాది డైరీ కంటే ఎన్నో రెట్లు విలువైంది. పై తరగతికి వెళ్లేవాళ్లు ఆ నోటుపుస్తకాన్ని కింది తరగతివాళ్లకు అప్పగిస్తూ పోతే, ఓ పదేళ్లకు ఆ బడి బీరువాలో ఏ పెద్ద సంస్థ దగ్గరా లేని సంపద ఉంటుంది. ఎప్పుడైనా ఏ పట్టణంలోనో నీళ్ల మీద అనుమానం వచ్చి, 'ముందు ఎలా ఉండేవి?' అని ఎవరైనా అడిగితే... ఆ బీరువా తెరిస్తే చాలు!